మొయినాబాద్ ఆల్ప్స్

ఫ్రాన్సుకు పోవాలంటే వీసా కావాలి. వీసా రావాలంటే చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేయాలి. వచ్చాక మళ్లీ వెళ్లి 108 చేయాలి. ఆ చిలుకూరు ఉన్నది హైదరాబాద్ పక్కనున్న మొయినాబాద్ మండలంలోనే. ఫ్రాన్సే వచ్చి గుడి పక్కన కూర్చుంటే ఇంక ఈ తిరుగుడంతా ఎందుకన్నది మా బామ్మర్ది వాదన. వాట్సాప్‌లో అక్కడి ఫామ్‌హౌస్ ఫోటో ఒకటి చూపించాడు. నిటారుగా వాలిన చెక్క కప్పు, కిటికీ కింద ఎర్రపూల కుండీలు, హాల్లో ఫైర్‌ప్లేస్. 'ఏడాది పొడవునా ఆల్ప్స్ పల్లె' అని కింద పసుపు అక్షరాలు.

"ఏప్రిల్ ఎండలకు సిటీలో ఉండలేం బావా" అన్నాడు. మొయినాబాద్‌కు ఎండ వేరే సూర్యుడు పంపిస్తున్నట్టు.

పోయాం. గేటు దగ్గర ప్లాస్టర్‌తో చేసిన ఆవు ఒకటి, మెడలో పెద్ద గంటతో నిలబడి ఉంది. దాని వెనకాల కొబ్బరిచెట్టు. లోపల ఫైర్‌ప్లేస్‌లో మంట మండుతోంది, కానీ అది బల్బుల మంట. దాని ముందు ఫోటో దిగాలి కదా అని మా బామ్మర్ది ఏసీ 18లో పెట్టి స్వెట్టర్ వేసుకున్నాడు. పిల్లలకు ఉన్ని టోపీలు. ఫోటోగ్రాఫర్‌ను నేనే కాబట్టి చెమటలు నాకు. రెండో ఫోటోకే కరెంటు పోయింది. ఆల్ప్స్ ఆరిపోయింది.

ఫ్రాన్సులోని నిజం ఆల్ప్స్ సంగతి వేరు. అక్కడ మోం బ్లాం శిఖరం ఎత్తు 4,800 మీటర్ల పైనే. దాని పాదాల దగ్గరున్న షామోనీ ఊళ్లో 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. ఆ ప్రాంతపు పాత ఇళ్లు చాలావాటికి కప్పు ఇంత నిటారుగా ఉండదు. కురిసిన మంచు కప్పు మీదే నిలిచి, దుప్పటిలా చలిని ఆపాలని వెడల్పుగా, తక్కువ వాలుతో కట్టుకునేవాళ్లు. చలికాలం పశువులు కూడా అదే ఇంట్లో. వాటి ఒంటి వేడి కూడా ఇంటికి పనికొచ్చేది. ఎండాకాలం రాగానే మందల్ని పై పచ్చికల మీదికి తోలి, అక్కడే జున్నుగడ్డలు చేసేవాళ్లు. ఏడాది పొడవునా అంటే అక్కడ అర్థం అది: చాకిరీ.

మా ఫ్రెంచి కప్పు మీద మాత్రం మధ్యాహ్నం కోతులు జారుడుబండ ఆడాయి. ఆ కప్పు చెక్క కూడా కాదు, చెక్కరంగు వేసిన రేకు. ఏసీ లేని ఆ గంటన్నరలో మేం చక్కగా ఉడికాం.

వాచ్‌మన్ కాకా చెట్టుకింద నులకమంచం వేసుకుని హాయిగా ఉన్నాడు. ఈ మూడెకరాలు ఒకప్పుడు వాళ్ల అన్నదమ్ములవేనట. "కప్పు ఇట్ల ఎందుకు గట్టిండ్రు కాకా?" అని అడిగాను.

"మంచు జారిపోవాల్నని ఇంజినీరు సారు జెప్పిండు. మరి మంచెప్పుడొస్తది సార్ అన్న. గుస్స అయిండు."

ఈ ఊళ్లకు పట్నం కన్ను తగలకూడదనే 1996లో 111 జీవో తెచ్చారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లు చెడిపోకుండా, వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. ఫామ్‌హౌస్‌లు మాత్రం మొలుస్తూనే వచ్చాయి. మన తెలివి తక్కువదా? నాలుగు మామిడి మొక్కలు నాటితే ఫామ్, నడుమ ఈత కొలను తవ్వితే హౌస్.

రాత్రి భోజనానికి కరిగించిన చీజ్‌లో బ్రెడ్డు ముంచుకు తినే ఫ్రెంచి వంటకం వచ్చింది. గిన్నె చల్లారేసరికి చీజ్ సాగి సాగి, మా అత్తగారి గాజులకు చుట్టుకుంది. ఆవిడ గిన్నె పక్కకు నెట్టి కాకా ఇంటికి కబురు పంపింది. జొన్నరొట్టెలు, టమాట పచ్చడి, ఉల్లిగడ్డలు వచ్చాయి. బామ్మర్ది స్వెట్టర్ విప్పేసి ఐదు రొట్టెలు లాగించాడు.

తెల్లారి చేవెళ్ల వైపు అలా వెళ్లాం. బీజాపూర్ రోడ్డు పొడవునా నిజాం కాలం నాటి మర్రులు వందల్లో ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఇవి పోతాయని చెట్ల మీద ప్రేమున్నవాళ్లు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాటి నీడలో దిగగానే ఒంటికి తెలిసింది, ఏసీ అవసరం రాలేదు, బిల్లూ రాలేదు. చుట్టుపక్కల పొలాల్లో పూలు. అవి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలంటే రైతులు చీకటితోనే లేవాలి. ఏడాది పొడవునా పల్లె నడుపుతున్నది వాళ్లు. ప్లాస్టర్ ఆవు కాదు.

మిమ్మల్ని కూడా ఎవరైనా మొయినాబాద్ ఆల్ప్స్‌కు రమ్మంటే వెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు. అడ్వాన్సు కట్టేముందు రెండే ప్రశ్నలు అడగండి: జనరేటర్ ఉందా? వాచ్‌మన్ ఇంట్లో రొట్టెలు చేస్తారా?