మిగతా ఇరవై మూడు గంటలు

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. వయసు నలభై ఎనిమిది, నాకంటే ఏడాది పెద్ద. మేమిద్దరం పక్కపక్కన నిలబడితే క్యాంటీన్ కుర్రాడు ఆయన్ని ‘అన్నా’ అంటాడు, నన్ను ‘బాబాయ్‌గారూ’ అంటాడు. టక్ చేస్తే ఆయన చొక్కా బెల్టు దగ్గర మర్యాదగా ఆగిపోతుంది. నాది బెల్టు మీదుగా వంగి, కింద ఏం జరుగుతోందా అని తొంగిచూస్తుంది.

చాలాకాలం నేను దీన్ని వంశం ఖాతాలో రాసేసి సుఖంగా ఉన్నాను. కొందరికి తిన్నది కూడా ఒంటబట్టదు. మా వంశంలో చూసింది కూడా పడుతుంది. ఆ ధీమా ఒకరోజు కూలిపోయింది. ఏదో పనిమీద పాత ఫైలు తీస్తే అందులోంచి ఆయన ఆరేళ్ళ కిందటి ఫొటో బయటపడింది. దాంట్లో ఆయనకి రెండు గడ్డాలున్నాయి. రెండోది నా రెండోదానికంటే పెద్దది.

“ఎలా గురూ?” అన్నాను.

“ఏముంది, షుగరు గీత దగ్గరికొచ్చిందని డాక్టరు భయపెట్టాడు. అప్పట్నుంచి రోజూ ఓ గంట జిమ్ము,” అన్నాడు.

ఆ ‘ఓ గంట’ దగ్గరే నేను పడిపోయాను. గంటంటే ఎంత? మా ఇంట్లో టీవీ రిమోటు వెతకడానికే గంట పడుతుంది. ఇరవై నాలుగింటిలో ఒకటి పడేస్తే నడుం వస్తుందంటే అంతకన్నా చవక బేరం ఏముంటుంది? ఒకటో తారీఖు జీతం పడగానే మా వీధి చివర జిమ్ములో ఏడాదికి కట్టేశాను. ఏడాదికి కడితే మూడు నెలలు ఉచితమన్నారు. వాళ్ళ ఉదారత్వానికి కారణం తర్వాత తెలిసింది. డబ్బు కట్టినవాళ్ళంతా వస్తే అక్కడ నిలబడ్డానికి కూడా చోటుండదు.

ట్రైనరు మా అబ్బాయి వయసు కుర్రాడు. మొదటిరోజు స్క్వాట్స్ చేయించాడు. నాలుగోది చేస్తుండగా అవి గుంజీళ్ళని గుర్తుపట్టాను. మర్నాడు వాల్ సిట్ అన్నాడు. చూస్తే గోడకుర్చీ. చిన్నప్పుడు విజయనగరంలో లెక్కల మాస్టారు ఇవన్నీ మాకు పైసా తీసుకోకుండా చేయించేవారు. ఇంకాస్త శ్రద్ధగా హోంవర్కు ఎగ్గొట్టి ఉంటే ఈపాటికి నేనెలా ఉండేవాణ్ణో! మూడోరోజు మేడమెట్లు వెనక్కి తిరిగి దిగాను. దిగి స్కూటరెక్కాను గానీ, ఆఫీసులో దాని మీంచి దిగడానికి వాచ్‌మన్ సాయం పట్టాల్సి వచ్చింది.

రెండు నెలలు మానకుండా వెళ్ళాను. చివర్న తూగితే 600 గ్రాములు తగ్గాను. అందులో 200 గ్రాములు జేబులోంచి ఫోను తీసినందుకు.

నిజానికి ఇలాంటి కష్టాలు మా తరానికి సినిమావాళ్ళు తెచ్చిపెట్టారు. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ చొక్కా విప్పేదాకా మన హీరోల పొట్ట గురించి ఎవరికీ పట్టింపు లేదు. అప్పుడైనా, పోనీలే, ఆయన హీరో అని సరిపెట్టుకున్నాం. 2012లో హాస్యనటుడు సునీల్ ‘పూలరంగడు’ కోసం సిక్స్ ప్యాక్ చేశాడు. దాంతో నాలాంటివాళ్ళకి మిగిలిన ఆఖరి సాకు కూడా పోయింది. నవ్వించేవాడికి బొజ్జ శోభ అని అందాకా చెప్పుకుని బతికేవాళ్ళం.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ మధ్య ఆఫీసువాళ్ళు ట్రైనింగని మమ్మల్ని హైదరాబాద్ పంపారు. మూడు రాత్రులు. గదికి ఇద్దరు. నా గదిలో ఆయన.

హోటల్లో దిగగానే ఆయన సూట్‌కేసు తెరిచాడు. సగంలో బట్టలున్నాయి. మిగతా సగంలో తాడు, రబ్బరు పట్టీలు, స్టీలు డబ్బాలు, వేయించిన శనగలు, ఓట్స్, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, దాని పక్కన ఒక డిజిటల్ కాటా. కాటా చూసి నాకు కాస్త భయమేసింది. ఇన్నేళ్ళుగా తెలిసిన మనిషి బంగారం వ్యాపారం కూడా చేస్తున్నాడా అనుకున్నాను. కాసేపటికి దానిమీద శనగలు పోసి, అంకె చూసి, రెండు గింజలు తిరిగి డబ్బాలో వేశాడు. ఆ రెండు గింజలూ నన్ను చాలాసేపు వెంటాడాయి.

తొమ్మిదిన్నరకి లైటు తీసేశాడు. కండ పెరిగేది బరువులెత్తేటప్పుడు కాదట, నిద్రలోనట. నాకు పన్నెండున్నర దాటితే గానీ రెప్ప పడదు. దుప్పటి ముసుగేసుకుని, నాన్నకి తెలియకుండా డిటెక్టివ్ నవల చదివే పిల్లాడిలా ఫోను చూసుకున్నాను. తెల్లవారుజామున ఎక్కడో వేలంపాట జరుగుతున్నట్టు కల వచ్చింది. “ముప్పై ఏడు... ముప్పై ఎనిమిది...” అని పాట పెరిగిపోతోంది, కొనేవాడు కనిపించడు. కళ్ళు తెరిస్తే రెండు మంచాల మధ్య ఈయన దండీలు తీస్తున్నాడు. టైము నాలుగూ నలభై ఐదు.

ఇక టిఫిన్ల దగ్గర. గదితో పాటు టిఫినూ ఉచితం. ఇడ్లీ, గారె, పెసరట్టు, ఉప్మా, పూరీ, ఓ మూల కేసరి. నేను ఉచితమన్న మాటకి ఇవ్వాల్సిన గౌరవమిచ్చాను. ఆయన ఆరు ఉడికిన గుడ్లు తెచ్చుకుని, నాలుగింటి పచ్చసొనలు తీసి పక్కన పెట్టాడు. వాటిని చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. పారేస్తున్నారు కదా అని అవి కూడా నేనే తిన్నాను.

మధ్యాహ్నం బిర్యానీ. ఆయన ముక్కలు ఏరుకుని అన్నం వదిలేశాడు. హైదరాబాద్‌లో కూర్చుని బిర్యానీలో అన్నం వదిలేయడం! వడ్డించే అతను నా దగ్గరికొచ్చి, “సార్‌కి ఒంట్లో బాలేదా?” అని మెల్లిగా అడిగాడు. “లేదు, బాగుండడం వల్లే,” అన్నాను. సాయంత్రం చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు వస్తే వాటికేసి చూడను కూడా చూడలేదు.

అవస్థ పడుతూ చేస్తుంటే నాకూ కొంచెం ఊరటగా ఉండేది. అదీ లేదు. సన్యాసుల మొహంలో ఉంటుందే, ఆ ప్రశాంతత ఉంది ఆయన మొహంలో. నాకు ఒళ్ళు మండింది అందుకే.

మూడోరాత్రి నిలదీశాను. ఒక గంటన్నావు, ఇదంతా ఏమిటని. ఆయన హోటల్ కాగితాలూ పెన్నూ తీసుకుని లెక్కలు చెప్పాడు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చవ్వాలి. రోజూ తిండిలో 500 కోస్తే కిలోకి పదిహేను రోజులు. నా బరువువాడు అరగంట వడివడిగా నడిస్తే ఖర్చయ్యేది 150 దరిదాపుల్లో. ముద్దపప్పులో వేసుకునే ఒక్క పెద్ద చెంచా నెయ్యి 120. అంటే రెండు నెలలపాటు జిమ్ములో నేను ఎత్తినవన్నీ మా ఆవిడ నేతిగిన్నెకే చెల్లయిపోయాయన్నమాట.

“అయినా పలకలు నీకూ ఉన్నాయి గురూ, పైన పరుపు పరిచి ఉంది, అంతే,” అన్నాడు. మగవాళ్ళకి ఒంట్లో కొవ్వు 12 శాతం దగ్గరికి దిగితే గానీ ఆ పరుపు పలచబడదట. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా పొట్టలో కొవ్వే ముందు కరగాలని రూలేమీ లేదట. ఎక్కడ ముందు కరగాలో ఒళ్ళు తన చిత్తం వచ్చినట్టు తేల్చుకుంటుంది. నాకైతే మొహం కరిగింది. చూసినవాళ్ళు సానుభూతి చూపించారు.

తర్వాత మాంసకృత్తులు. అదే ఊళ్ళో తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలంటుంది. 2024లో తెచ్చిన మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దని కూడా చెప్పింది. మావాడు పొడి ముట్టడు గానీ కండ పట్టాలని 1.6 లెక్క పాటిస్తాడు. నా 84 కిలోలకి అది 134 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాముల చొప్పున ఇరవై రెండు గుడ్లు. నాకు కావలసింది జిమ్ము కాదు, కోళ్ళఫారం.

ఆ రాత్రే నాకు విషయం అర్థమైంది. ఆరోగ్యం ఒకటి, ఆకారం ఒకటి. మనవాళ్ళలో మగవాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు దాటకుండా చూసుకుంటే డాక్టర్లు కాస్త కుదుటపడతారు. దానికి నడక, కొంచెం నోటి అదుపు సరిపోతాయి. పొట్టమీద పలకలు లెక్కపెట్టించుకోవడం వేరే వ్యవహారం. అది వయొలిన్ నేర్చుకోవడం లాంటిది. కచేరీ గంటే, సాధన రోజంతా. పైగా సినిమాలో చొక్కా విప్పే షాటు కోసం ఉప్పూ నీళ్ళూ కూడా కొలిచి పుచ్చుకునేవాళ్ళున్నారు, ఆ ఒక్కరోజు కోసం. ఈయన రోజుకో గంట జిమ్మన్నది అబద్ధం కాదు. మిగతా ఇరవై మూడు గంటల ప్రసక్తి తేలేదు, అంతే.

అయినా విశాఖ తిరిగొచ్చాక మొండికేశాను. ఓ కాటా కొన్నాను. “బంగారమా?” అంది మా ఆవిడ ఆశగా. బియ్యమని చెప్పాక మొహం మారిపోయింది. పాపం, ఆవిడ చూడని విప్లవం లేదు. మా వంటింట్లో మంతెన సత్యనారాయణరాజుగారి హయాంలో ఉప్పూ నూనే అటకెక్కాయి. వీరమాచనేని రామకృష్ణగారి కాలంలో కొబ్బరినూనె గిన్నెలతో దిగింది. ఖాదర్‌వలిగారి రోజుల్లో కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు సీసాల్లో బారులు తీరాయి. ఏ రాజ్యమూ నెల దాటలేదు. తప్పు వాళ్ళది కాదు, ప్రజలది. నేనే ప్రజలు.

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక. చేతి గడియారం పదివేల అడుగులయ్యేదాకా ఒప్పుకోదు. ఈ పదివేల లెక్క శాస్త్రవేత్తలు తేల్చిందేమో అనుకునేవాణ్ణి. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెడుతూ దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అని పేరు పెట్టారట. ఆ వ్యాపారి పుణ్యాన నేను ఏడువేల దగ్గర ఇంటికొచ్చేసి, మిగతా మూడువేలూ హాల్లో సోఫా చుట్టూ తిరిగేవాణ్ణి.

నడిచే దారిలో కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం ఉంది. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న మనిషి. ఒంటికి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగించి తెంచేవాడని, ఛాతీమీద ఏనుగుని నిలబెట్టుకునేవాడని మా తాత కథలు కథలుగా చెప్పేవాడు. అంత చెప్పినవాడు, పొట్టమీద పలకలెన్నో ఒక్కసారీ చెప్పలేదు. అప్పట్లో బలం ఎంతో చూడ్డానికి ఏనుగు కావాల్సొచ్చేది. ఇప్పుడు అద్దం చాలు.

పద్ధతిగా నలభై ఒక్క రోజులు నడిచింది నా దీక్ష. దీక్ష అనే అంటాను, కానీ తేడా ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవాడు ‘వద్దండీ’ అంటే చేతులు జోడించి పక్కకి తప్పుకుంటారు. జిమ్ముకెళ్ళేవాడు ‘వద్దండీ’ అంటే విస్తట్లో రెండు గారెలు పడతాయి. మన భాషలో ‘వద్దు’ అంటే ఇంకోసారి అడగమని అర్థం. దానికి తోడు పంచాంగం ఒకటి. శ్రావణంలో పేరంటాలు, చవితికి ఉండ్రాళ్ళు, దసరా, దీపావళి, కార్తీకంలో వనభోజనాలు, ధనుర్మాసంలో పొంగలి, సంక్రాంతికి అరిసెలు. ఖాళీగా ఉన్నది ఆషాఢం ఒక్కటే. అప్పటికి కొత్తావకాయ చక్కగా ఊరి ఉంటుంది.

నలభై ఒకటోరోజున అమ్మ విజయనగరం నుంచి దిగింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఏట్రా ఇలాగైపోనావు? ఒంట్లో ఏటైనా ఉంటే సెప్పు, దాచకు,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తూగితే రెండున్నర కిలోలు తగ్గాను. హోటల్ కాగితం మీద లెక్క పెద్దగా తప్పలేదు. ఆ రాత్రి అమ్మ ముద్దపప్పు కలిపి నెయ్యి వేస్తుంటే ఎన్ని చెంచాలో నేను లెక్కపెట్టలేదు.

దీపావళికి మేం మా ఆఫీసాయన ఇంటికెళ్ళాం, మాడుగుల హల్వా పట్టుకుని. ఆయన జాగింగుకో దేనికో వెళ్ళి ఇంకా రాలేదు. వాళ్ళావిడ మాకు కాఫీలిచ్చి, మాటల మధ్యలో నవ్వుతూనే అంది: “మీరే నయం అన్నయ్యగారూ. మేమందరం కలిసి కూర్చుని భోంచేసి ఐదేళ్ళయింది. ఆయన ఆరున్నరకల్లా తినేస్తారు. పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నేను రెండుసార్లు వడ్డిస్తాను.”

అంతలో ఆయన వచ్చాడు. తలుపు దగ్గరే ఆఖరి మాట విన్నట్టున్నాడు, ఏమీ అనలేదు. హల్వా పొట్లం చూసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంటింట్లోకెళ్ళి కాటా తెచ్చి బల్లమీద పెట్టాడు. “పండగ కదా, పాతిక గ్రాములు,” అన్నాడు వాళ్ళావిడకేసి చూస్తూ.

చాకుతో ఒక ముక్క కోసి పెడితే అంకె 27 దగ్గర ఆగింది. ఆయన చాకు మళ్ళీ తీసుకుని అంచున సన్నగా గీరాడు. 26. ఇంకోసారి. 25. నేతితో మెరుస్తూ రెండు పలుకులు చాకుకి అంటుకుని ఉన్నాయి.

“ఇటివ్వు గురూ,” అని చాకు అందుకున్నాను.