అరవై రెండో కార్డు

మా పక్కింటి పెద్దాయనకు మా ఆవిడ పెట్టిన పేరు తుపాకీ తాత. ఆయన ఎదురుగా కాదులెండి, మాలో మేం అనుకోవడానికి. కొలంబస్‌లో ఈ ఇంట్లో దిగిన వారానికే ఆయన యాపిల్ పై పట్టుకొచ్చి పలకరించారు. మాటల్లో మాటగా తన ఇంట్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సబ్‌మెషిన్ గన్ ఒకటి ఉందని చెప్పి వెళ్ళారు. ఆ రాత్రి మా ఆవిడ తలుపు గడియ రెండుసార్లు చూసుకుంది.

నాకు మాత్రం హనుమకొండలో మా వీధికి వచ్చే పిట్టలదొర గుర్తొచ్చాడు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ, నోరు తెరిస్తే కోతలు. ఈయనా అదే బాపతు అనుకున్నాను. తప్పు నాదే. పిట్టలదొర దగ్గర ఉత్తుత్తి తుపాకీ, బోలెడు కథలు ఉండేవి. ఈయన దగ్గరున్నది అసలు తుపాకీ. కాగితం చూపించకుండా దాని గురించి ఒక్క కథ కూడా చెప్పరు.

అది ఎంపీ 40. యుద్ధం సినిమాల్లో జర్మన్ సైనికుల చేతిలో కనిపించేది, ఇనుప బట్ మడిచి చంకలో ఇరికించుకునేది, అదే. చాలామంది దాన్ని ష్మైసర్ అంటారు. ఆ మాట వింటే పెద్దాయనకు ఒళ్ళు మంట. అది ఎర్మా కంపెనీలో పుట్టిన తుపాకీ. హ్యూగో ష్మైసర్‌కు మ్యాగజైన్ మీద పేటెంటు ఉండేది, అంతే. పని ఒకరిది, పేరు ఇంకొకరికి అంటుకుంది.

ఆయన తండ్రి 1945లో జర్మనీ నుంచి తిరిగొస్తూ దాన్ని ఊడదీసి, ముక్కల్ని కిట్ బ్యాగులో బట్టల మధ్య కుక్కి తెచ్చారట. అమెరికాలో మెషిన్ గన్ ఏదైనా 1934 నుంచీ ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. చేతులు మారితే 200 డాలర్ల పన్ను కట్టాలి. ఈ తుపాకీకి నమోదూ లేదు, పన్నూ లేదు. ఇరవై మూడేళ్ళు అటక మీద దొంగబతుకు బతికింది.

1968లో కొత్త చట్టం వచ్చింది. దాంతోపాటు నవంబరు 2 నుంచి డిసెంబరు 1 దాకా నెల రోజులు క్షమాభిక్ష ప్రకటించారు. ఫారం 4467 నింపి పంపితే చాలు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని కేసు పెట్టరు. తండ్రి నింపి పంపారు. అటక మీది దొంగ రాత్రికి రాత్రి దొర అయిపోయింది. ఆ నెల దాటాక మళ్ళీ అలాంటి తలుపు తెరుచుకోలేదు. అది చాలదన్నట్టు, 1986 మే 19 నుంచి కొత్త మెషిన్ గన్లేవీ మామూలు జనం కొనుక్కునే వీలు లేకుండా చేశారు. దాంతో ఉన్నవాటి ధర ఆకాశానికి ఎక్కింది. కాగితమున్న ఎంపీ 40 ఇవాళ ఇరవై వేల డాలర్ల పైమాటే. కాగితం లేనిది అదే ఫ్యాక్టరీలో అదే పూట పుట్టినా సరే, ఇంట్లో దొరికితే జైలే.

"కాగితమే తుపాకీ, మిగతాదంతా ఇనుము" అనేవారు పెద్దాయన.

తండ్రి పోయాక తుపాకీ ఈయనకు వచ్చింది. వారసుడికైతే ఫారం 5 సరిపోతుంది, 200 డాలర్ల పన్ను కూడా ఉండదు. ఆ తర్వాత ఆయన జీవితమంతా దానికి తోడుండే సరంజామా వెతకడంలోనే గడిచింది. మ్యాగజైన్లు, వాటి సంచులు, తోలు పట్టీ, గొట్టం మూతికి పెట్టే మూత, గుండ్లు నింపే లోడర్, అప్పటి సూచనల పుస్తకం. తుపాకీతో కలిపి మొత్తం అరవై ఒక్కటి. ఒక్కోదానికి ఒక్కో అట్ట కార్డు.

ఆ కార్డుల దగ్గరే మా అమ్మాయి ఆయనకు దొరికింది. అప్పటికి అది హైస్కూల్లో రెండేళ్ళుగా జర్మన్ చదువుతోంది. మ్యాగజైన్ మీద "ఎంపీ 38 యు. 40" అని ఉంటే, మధ్యలో ఆ 'యు' మరేమిటో కాదని, 'మరియు'కు పొట్టి రూపమని, అంటే రెండు మోడళ్ళకూ అదే మ్యాగజైన్ సరిపోతుందని చదివి చెప్పింది. పెద్దాయన పొంగిపోయారు. ఆ వేసవి నుంచి శనివారం పొద్దున్నే అక్కడికి పరుగు.

పెద్దాయన గంటకింత అని ఇవ్వబోయారు. వద్దన్నాను. మేం వీసా మీద ఉన్నవాళ్ళం, ఆ పిల్ల ఇక్కడ రూపాయి సంపాదించకూడదు. ఆయన కాసేపు బుర్ర గోక్కుని, యాపిల్ పైకి ఒప్పించారు. ఇంకో చిక్కు కూడా ఆయనే చెప్పారు. మాలాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదట. అందుకని మా అమ్మాయి వచ్చేముందే తుపాకీని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. సంచులూ కాగితాలూ దాని వంతు, ఇనుము ఆయన వంతు.

ముద్రలు చదవడం దానికి ఆటైపోయింది. ఫ్యాక్టరీల పేర్లు శత్రువుకు తెలియకుండా జర్మన్లు సంకేతాలు కొట్టేవారు. ఏవైఎఫ్ అంటే ఎర్మా, ఎఫ్ఎక్స్ఓ అంటే హేనెల్, బీఎన్‌జెడ్ అంటే ఆస్ట్రియాలోని స్టయర్. అన్నం తింటూ కూడా వాటినే వల్లె వేసేది. "ఎక్కాలు చెప్పమంటే మాత్రం నోరు పెగలదు" అని వాళ్ళమ్మ సణుగుడు.

ఒకరోజు నేనూ వెళ్ళాను. బల్ల మీద మూడు అరల గుడ్డ సంచి ఉంది. ఒక్కో అరలో ముప్పై రెండు గుండ్ల మ్యాగజైన్ నిలువుగా పడుతుంది. పక్కన లోడర్ కోసం బుల్లి జేబు. నాలుగు వందల డాలర్లు పెట్టి కొన్నారట. రంగు వెలిసింది, అంచులు అరిగాయి, ఇత్తడి మీద మరకలు. నా కంటికైతే రెండు యుద్ధాలు చూసొచ్చినట్టే ఉంది. మా అమ్మాయి లైటు ఆర్పేసి, చిన్న అల్ట్రావయొలెట్ టార్చి వేసింది. గుడ్డ చీకట్లో కలిసిపోయింది. కుట్లు మాత్రం వరసగా నీలంగా వెలిగాయి, దీపావళి తోరణంలా.

"యుద్ధం నాటి దారం ఇలా వెలగదు నాన్నా. ఇది తర్వాతి దారం" అంది.

పెద్దాయన మొహం చూడలేకపోయాను. ఆయన మాత్రం ఒక్క నిమిషం ఊరుకుని, "దానికీ కార్డు రాయి. నకిలీ అని రాయి. మన దగ్గరున్న దాని గురించి అబద్ధం రాయకూడదు" అన్నారు.

అప్పుడే నాకు మొదటి కార్డు చూపించారు, ముచ్చటగా. మా అమ్మాయి తిరగరాసిందే.

నంబరు: 1
వస్తువు: ఎంపీ 40
తయారీ: స్టయర్, 1943
అమెరికా చేరిక: 1945. కాగితాలు లేవు.
స్థితి: బాగుంది.
నమోదు: 1968 నవంబరు, క్షమాభిక్ష. 1991లో తండ్రి నుంచి కొడుక్కి, పన్ను లేకుండా.

"ఆ నెలలో నమోదు చేయించుకోనివి ఏమయ్యాయి?" అనడిగింది మా అమ్మాయి.

"ఎప్పుడు బయటపడ్డా అప్పగించాల్సిందే. ఎంత మంచి తుపాకీ అయినా సరే. ముక్కలు కోసేస్తారు" అన్నారాయన. తర్వాత నావైపు తిరిగి, "మీ కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయి?" అన్నారు.

"2013లో పెట్టాం. లైన్లో ఉన్నాం" అన్నాను.

"నువ్వు అన్నీ పద్ధతిగా చేసినవాడివి. పద్ధతిగా చేసినవాణ్ణి ఈ దేశం ఎప్పుడూ పోగొట్టుకోదు" అని భుజం తట్టారు. మా అమ్మాయి టార్చి ఆర్పి, కార్డులు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

2024 ఆగస్టులో అది టొరంటో వెళ్ళిపోయింది. పై చదువు అని చెప్పాం. వెళ్ళేముందు రోజు పెద్దాయన పై పట్టుకుని వచ్చారు. "ఇంకో పది రోజుల్లో పుట్టినరోజుటగా. చేసుకుని వెళ్ళొచ్చుగా, అంత తొందరేమిటి?" అన్నారు. క్లాసులు మొదలైపోతాయి అన్నాను. మా ఆవిడ పళ్ళెం తీసుకునే వంకతో వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మొన్న శనివారం పెద్దాయన ఫోను చేశారు. గొంతులో కంగారు. ఒకసారి వచ్చిపొమ్మన్నారు. వెళ్ళేసరికి బల్ల మీద సొరుగులన్నీ బయటికి లాగి ఉన్నాయి. సంచులు ఒక వరస, మ్యాగజైన్లు ఒక వరస. నకిలీ సంచి కూడా దాని చోట అదే ఉంది.

"మూడు రోజుల నుంచి లెక్కపెడుతున్నాను. వస్తువులు అరవై ఒకటి, కార్డులు అరవై రెండు. అంటే నా సేకరణలోంచి ఏదో పోయింది. ఏం పోయిందో తెలియడం లేదు" అన్నారు. ఒక కార్డు నా చేతికిచ్చారు. "ఇది చివర్లో ఉంది. అక్షరాలు నేనెప్పుడూ చూడలేదు. జర్మన్ కాదు, రష్యన్ కూడా కాదు. మీ భాషేనేమో చూడు. ఏ వస్తువుదో చెబితే వెతుక్కుంటాను."

ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న రాత. ఒత్తులు కింద కాక పక్కకి జారిపోయే ఆ రాతను ఎక్కడున్నా గుర్తుపడతాను.

"చెప్పు, ఏ వస్తువు?" అన్నారు పెద్దాయన, కళ్ళజోడు సర్దుకుంటూ.

నంబరు: 62
వస్తువు: అమ్మాయి
తయారీ: హనుమకొండ, 2003
అమెరికా చేరిక: 2008. అన్ని కాగితాలతో.
స్థితి: బాగుంది.
నమోదు: తండ్రి కాగితం మీద 21 ఏళ్ళ దాకానే. గడువు దాటింది.