దుర్యోధనుడికి మంచి వకీలు దొరకలేదు

పాండవులు పన్నెండేళ్లు అడవిలో, ఇంకో ఏడాది అజ్ఞాతంలో గడిపి వచ్చి మా రాజ్యం మాకిమ్మన్నారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని దుర్యోధనుడు అనవసరంగా యుద్ధానికి దిగాడు. ఒక సివిల్ వకీలును కలిస్తే పోయేది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, మన స్థలంలో ఇంకొకడు మనకు ఎదురుతిరిగి పన్నెండేళ్లు తిష్ఠ వేస్తే, వాణ్ణి ఖాళీ చేయించమని అడిగే గడువు తీరిపోతుంది. పాండవులు పైన ఇంకో ఏడాది ఆలస్యం చేశారు కూడా.

నాకింత ధర్మశాస్త్రం వంటబట్టింది డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడి పుణ్యాన. ఘట్‌కేసర్ దగ్గర అతని మూడొందల గజాల ప్లాటులో ఒకాయన బర్రెల కొట్టం వేసి తొమ్మిదేళ్లయింది. మావాడు ఏటేటా ఆన్‌లైన్‌లో ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీసి, మచ్చ లేదని మురిసిపోయేవాడు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. బర్రెలు రిజిస్టర్ చేయించుకోవు కదా!

ఆక్రమణకూ పద్ధతుంది. రాత్రి దూరి తెల్లారేసరికి జారుకుంటే చెల్లదు. నలుగురికీ తెలిసేలా, యజమానిని లెక్కచేయకుండా, మధ్యలో వదలకుండా ఉండాలి. కబ్జా అయినా నిజాయతీగా చేయాలన్నమాట. మావాడూ అమెరికాలో నలుగురికీ తెలిసేలానే, పన్నులు కడుతూ పద్నాలుగేళ్లుగా ఉన్నాడు. గ్రీన్‌కార్డు వంతు ఇంకా రాలేదు.

“అడిగి ఉన్నావు కాబట్టే రాలేదురా,” అన్నాను. “అనుమతితో ఉన్నవాడికి ఎన్నేళ్లున్నా హక్కు పుట్టదు.”

కొట్టం ఖాళీ చేయించే దావా నడపమని నాకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) రాసిచ్చాడు. హ్యూస్టన్ కాన్సులేట్ ముద్రతో వచ్చిన ఆ కాగితానికి, దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. కట్టాను. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి నా చేతికి పవర్ వచ్చిందని ఇంట్లో చూపిస్తే, “ముందు కరెంటు బిల్లు కట్టిరండి,” అంది మా ఆవిడ.

అప్పట్నుంచి, వాయిదా పడిందని చెప్పడానికి సాయంత్రం దాకా కాచుక్కూర్చుంటున్నాను. పడుతుందని పొద్దున్నే తెలుసు. అయినా అతనికి తెల్లారాలి కదా!

తీరా సాక్ష్యం దాకా వచ్చాక వకీలు అసలు సంగతి చెప్పాడు. “ప్లాటు కొన్నదీ, కంచె వేయించిందీ ఆయన. ఆయనకే తెలిసిన సంగతులకు మీరు సాక్ష్యం చెప్పకూడదండీ. సుప్రీంకోర్టు 2004లోనే తేల్చేసింది.” అంటే పవర్ నాది, నోరు అతనిది.

మావాడు దొరక్క దొరక్క సెలవు సంపాదించి మే నెలలో దిగాడు. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు కూడా మేలోనే.

సరే, వచ్చినందుకు ప్లాటన్నా చూసిపోదామని వెళ్లాం. కొట్టం ఆయన నవారు మంచం వాల్చి, చెరో గ్లాసు చల్ల ఇచ్చాడు.

“ఎప్పుడొచ్చిండ్రు సార్? మళ్ల ఎప్పుడు పోతరు?”

“పదిహేను రోజుల్లో.”

“మంచిగైంది. మా పోరడు ఎమ్మెస్ చదువనీకి డల్లాస్‌కే వస్తుండు. రూము దొరికేదాంక మీ ఇంట్ల ఓ నాల్రోజులు ఉంచుకోరాదు సార్?”

మేనల్లుడు గ్లాసు కింద పెట్టాడు.

“నాలుగు రోజులేనా?” అన్నాడు.