కరపత్ర సంజీవని

మూలం: మీ ఇంటి బిడ్డ, విద్యావంతుడు, నిగర్వి, నిస్వార్థ సేవాతత్పరుడు, మన వార్డు కౌన్సిలర్ అభ్యర్థి శ్రీ ఫలానా గారికి మీ అమూల్యమైన, పవిత్రమైన ఓటును బీరువా గుర్తుపై ముద్రించి అఖండ మెజారిటీతో గెలిపించ ప్రార్థన.

అవతారిక: కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. ఆయనకు కాళిదాసు దొరికాడు, నాకు మా వీధి పిండిమర యజమాని దొరికాడు. మల్లినాథుడు కవి హృదయాన్ని ఊహించుకోవలసి వచ్చింది. నాకా బాధ లేదు, ఈ మూలం రాసిందీ నేనే. తెలుగు పండితుడిగా రిటైరైన పాపానికి పెళ్ళి శుభలేఖల నుంచి పెద్దకర్మ కార్డుల దాకా వీధిలో వాక్యాలన్నీ నా దగ్గరికే వస్తాయి. నామినేషన్ మీద ప్రతిపాదకుడి సంతకమూ నాదే. అందుకు అదే వార్డులో ఓటరై ఉంటే చాలు, కవిత్వం రానక్కర్లేదు.

ఇక టీక.

మీ ఇంటి బిడ్డ: షష్ఠీ విభక్తిలో చెప్పిన చుట్టరికం. ఎమ్మెల్యే అభ్యర్థికి ఈ విశేషణం చెల్లుతుంది, ఆయన ఎవరి బిడ్డో లక్షమందికి తెలియదు కనక. వార్డులో అలా కాదు. కరపత్రం అందుకున్న మొదటి ముసలావిడే, “ఒరే అబ్బాయ్, మీ అమ్మకు నొప్పులొస్తే రిక్షా పిలిచింది నేనేరా. మా ఇంటి బిడ్డవెప్పుడయ్యావు?” అంది. మరో చిక్కు ఉంది. మా ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల పోటీకి పనికిరారనే నియమం ఉండేది, 2024లో తీసేశారు. కనే బిడ్డలకే ఆ లెక్క. ఒక్క మనిషి ఎన్ని ఇళ్ళకు బిడ్డ కావచ్చునో చట్టం చెప్పలేదు.

విద్యావంతుడు: రెండో ప్రయత్నంలో పదో తరగతి గట్టెక్కినవాడు. అప్పుడు తెలుగు చెప్పింది నేనే గనక ఇది నిర్వివాదం.

నిగర్వి: స్పష్టం.

నిస్వార్థ సేవాతత్పరుడు: నామినేషన్ వేయాలంటే మున్సిపాలిటీకి బకాయి ఉండకూడదు. ఏళ్ళ తరబడి పడి ఉన్న ఇంటి పన్ను, నీటి పన్ను ఒక్క ఉదయాన కట్టేశాడు. ఊరికి ఆయన చేసిన ప్రథమ సేవ ఇదే. రసీదు కూడా ఉంది.

అభ్యర్థి: అభి + అర్థి, యణాదేశ సంధి. అర్థి అంటే అడుక్కునేవాడు. ‘అభి’ చేరడం వల్ల ఎదురుగా వచ్చి, గుమ్మంలో నిలబడి అడుక్కునేవాడని విశేషార్థం. మామూలుగా ఈ అవస్థ పదిహేను రోజులుంటుంది. మావాడికి ఏడాది పట్టింది. 12 కార్పొరేషన్లు, 75 మున్సిపాలిటీలు, నగర పంచాయతీలతోపాటు మా ఊరికీ 2020 మార్చిలో నామినేషన్లు తీసుకున్నారు. 15వ తేదీన కరోనా అని వాయిదా వేశారు. పోలింగు జరిగింది 2021 మార్చి 10న. నామినేషన్ చెల్లుతుందన్నారు కాబట్టి ఆ మధ్యకాలమంతా ఆయన అభ్యర్థే. గెలిస్తే కౌన్సిలరు, ఓడితే మళ్ళీ పిండిమర. ఇటూ కాక అటూ కాక నమస్కారం పెట్టిన చేతులు ఏడాదిపాటు దించకుండా ఉండడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. కిలోకు రూపాయి పెంచుదామనుకున్న ఆడింపు కూలి పెంచలేకపోయాడు. గోడమీది ‘అప్పు రేపు’ బోర్డు గోడవైపు తిరిగింది. మినుములు ఆడిస్తే తరుగొచ్చిందని పోట్లాడిన వాళ్ళకల్లా గుప్పెడు పిండి కలిపి పోశాడు. మాస్కు పెట్టుకున్నవాళ్ళలో ఎవరు తన వార్డో, ఎవరు కాదో తెలియక అందరికీ నమస్కారం పెట్టాడు.

అమూల్యమైన: ఇక్కడ పాఠభేదం ఉంది. కరపత్రంలోనిది లిఖితపాఠం, ఆటో మైకులోది శ్రుతిపాఠం. మా వీధి మలుపులో స్పీడు బ్రేకరుంది. ఆటో అక్కడికి వచ్చేసరికి మైకు ఒక్క క్షణం పోయి వచ్చేది. ‘అ’కారం ఎగిరిపోయి, “మీ... మూల్యమైన ఓటును” అని వినపడేది. అది విని కొళాయి దగ్గర ఒకావిడ బిందె దించి, “ఎంతంటా?” అని అడిగింది. అమూల్యమంటే వెలకట్టలేనిదని నిఘంటుకారులంటారు. వెల ఇంకా తెలియనిదని పోలింగు ముందు రాత్రి సంప్రదాయం. మావాడి దగ్గర కట్టడానికి ఏమీ లేదు కనక నిఘంటువు పక్షానే నిలబడ్డాడు.

పవిత్రమైన: పాదపూరణార్థం.

బీరువా: స్వతంత్రులకు గుర్తు ఉపసంహరణలు ముగిశాకే వస్తుంది. మూడో తేదీన వచ్చింది, పదిన పోలింగు. ఉన్న ఆ వారంలో పిండిమర మనిషికీ బీరువాకీ సంబంధం ఏమిటో జనానికి చెప్పాలి. నిజానికి ఆయనింట్లో బీరువా లేదు, రేకు ట్రంకు పెట్టె ఉంది. “మాస్టారూ, పిండిమర గుర్తిస్తే నా సామిరంగా...” అని చాలాసార్లు అన్నాడు. ఆ గుర్తు జాబితాలో లేదు.

ముద్రించి: అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు యంత్రం మీద నొక్కేదే అయినా ప్రచారంలో మాత్రం ఇంకా ముద్రిస్తూనే ఉంటారు, అక్కడిది లాక్షణికార్థం. మాకు బ్యాలెట్ కాగితాలు, పెట్టెలు ఇచ్చారు కాబట్టి వాచ్యార్థమే. లెక్కింపు రోజు ఏజెంటుగా కూర్చుని ఒక కాగితం చూశాను. బీరువా మీద ఒక ముద్ర, పక్కనే పార్టీ గుర్తు మీద ఇంకో ముద్ర. రెండూ నీటుగా, గడి మధ్యలో వేసి ఉన్నాయి. చెల్లదని పక్కన పడేశారు. ఇంటికి వచ్చినవాళ్ళిద్దరికీ మాటిచ్చి ఇద్దరికీ నిలబెట్టుకున్న ఆ మహానుభావుడెవరో గానీ, వార్డులో అంతటి సత్యసంధుడు ఇంకొకడు లేడు.

అఖండ మెజారిటీతో: మిశ్రసమాసం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. పోయింది.

గెలిపించ ప్రార్థన: ‘గారికి’ అని మొదలుపెట్టి ‘గెలిపించ’ అనడం అన్వయదోషం. మధ్యలో ‘ఆయనను’ అధ్యాహారం చేసుకోవాలి. రచయితను ఈ మాట అడిగితే తొందరలో రాశానంటున్నాడు.

తాత్పర్యం: నేనెవరో మీకు తెలుసు. అయినా ఓటేయండి.

ప్రతి వివరణ: మూలప్రతి నా దగ్గర లేదు. పంచగా మిగిలిన కట్టలు మరలో ఉండిపోయాయి. వాటిని చింపి, వెనకవైపు ఎవరి డబ్బానో పేరు రాసి మూతకింద పెడుతున్నాడు. మొన్న మా బియ్యప్పిండితో వచ్చిన చీటీ ‘మీ ఇంటి బిడ్డ, విద్యా’ దగ్గర తెగింది. పక్కింటివారి శనగపిండి డబ్బాలో ‘వంతుడు’ నుంచి ‘ఓటును’ దాకా దొరికింది. ‘బీరువా’ నుంచి చివరిదాకా జొన్నపిండి ప్రతి. ఈ మూడింటినీ దులిపి, కలిపి పరిష్కరించిన పాఠమే పైన ఇచ్చాను.