రో రో ఏ (టీకా తాత్పర్య సహితము)

మూలము: రో రో ఏ

అవతారిక: కెనడా దేశీయుడగు కెనెత్ ఐవర్సన్ 1962లో ‘ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ అను గ్రంథము వెలువరించెను. ఆ పేరులోని మొదటి అక్షరములే ఏపీఎల్ అను భాషకు పేరైనవి. అర్రేకు డైమెన్షన్లెన్ని యని శిష్యుడడుగగా గురువు సెలవిచ్చినదిది.

ప్రతిపదార్థము: ఏ = ఏదో యొక అర్రే యొక్క; రో = ఆకారమును దెలుపు అంకెల పట్టీ యొక్క; రో = పొడవును (చెప్పుమని శేషము). రో యనగా గ్రీకు అక్షరము. ఈ భాషలో కుడినుండి ఎడమకే అన్వయము.

తాత్పర్యము: మూడు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు గల పట్టికకు మొదటి రో 3, 4 అనును. అంకెలు రెండు గనుక తరువాతి రో 2 అనును. అదే ర్యాంకు.

విశేషములు: ఒంటరి 7 మాటేమి? దాని ఆకారము ఖాళీ పట్టీ, ర్యాంకు సున్న. “డైమెన్షనే లేనిదానికి మూలకమెక్కడిది?” అని పూర్వపక్షి. మూలకముల సంఖ్య యనగా ఆకారమందలి అంకెల లబ్ధము. అంకెలే లేనిచో లబ్ధము 1. కావున 7 క్షేమము. పూర్వపక్షి నోరు మూసెను గాని, ముఖము చూడగా ఒప్పినట్లు లేదు. మరొక వింత: పదునాలుగు డైమెన్షన్లున్నను ఒక్కదాని పొడవు సున్నయైనచో మూలకములు సున్న, పదునాలుగు గదుల ఇంట మనిషి లేనట్లు.

ఉబలాటముకొద్దీ మూడవ రో చేర్చువారు కలరు. ఎప్పుడును 1 యే వచ్చును. నాలుగు చేర్చినను అంతే. (ఈ రోలు దంచుటకు కావు.)

డైమెన్షన్ల గరిష్ఠ పరిమితి విషయమున భాషలకు మతభేదములు కలవు. ఫోర్ట్రాన్ 77లో 7. డయాలాగ్ ఏపీఎల్‌లో 15. ఫోర్ట్రాన్ 2008 ప్రమాణమందును అంతే. నంపై అను లైబ్రరీలో 32 ఉండగా, 2024లో వచ్చిన 2.0లో 64 చేసిరి. ఒక్కొక్కటి కేవలము 2 పొడవున్నను 64 డైమెన్షన్లకు మూలకములు లక్షా ఎనుబది వేల కోటి కోట్లు దాటును, పట్టు యంత్రమేదీ? పొడవు 1 గలవి ఎన్నైనను పొదగవచ్చుగదా యందురు. పొదుగుకొనుడు.

ఆర్థర్ విట్నీ ప్రవర్తింపజేసిన ‘కే’ అను భాషా మతమున పట్టీలో పట్టీయే సర్వము. ఒక వరుస పొట్టిది, ఒకటి పొడుగుదియైనను తప్పు లేదు. వరుసలు సమముగా నున్ననే డైమెన్షన్ల లెక్కకు అర్థము. ఆ మతమునకు వేరొక టీక కావలెను. అది నాచేత కాదు.