నా భక్తి, మా ఆవిడ శ్రమలు

నాకు భక్తి ఎక్కువ. కావాలంటే మా సంఘంలో ఎవరినైనా అడగండి. మా ఇంట్లో మాత్రం అడగొద్దు.

పుట్టుకతో నేను సీఎస్ఐ క్రైస్తవుణ్ని. ఏ పండగ ఎప్పుడో, ఏ ఆదివారానికి ఏ పాఠమో, బల్ల మీద ఏ రంగు గుడ్డ పరచాలో అన్నిటికీ లెక్క ఉన్న ఇంట్లో పెరిగాను. ఆగమన కాలానికి ఊదా, క్రిస్మస్‌కి తెలుపు, లెంటుకి మళ్లీ ఊదా, పెంతెకొస్తుకి ఎరుపు, తతిమ్మా రోజులకి పచ్చ. మా ఆవిడది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. వాళ్లకి బైబిలుంది, ఆదివారముంది, గుండ్లకమ్మ ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఇద్దరి మధ్య ఏ వాదం వచ్చినా ఆవిడ చివరికి నన్ను ఆ ఏటి ఒడ్డుకే లాక్కెళ్తుంది. "అంతమంది మునిగారు. ఇవాళ ఏ రంగు గుడ్డ అని ఒక్కరైనా అడిగారా?"

పెళ్లయిన కొత్తలో ఈస్టరు తేదీ ఎలా కడతారో ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎటైనా జరుగుతుంది. అందరూ ఒకే ఆదివారం చేసుకోవాలని 325లోనే నైసియా సభలో పెద్దలు తీర్మానించారు. అంతా విని, "పౌర్ణమి చూసి పండగ పెట్టుకుంటారా? మరి పక్కింటి పంతులుగారు పంచాంగం తీస్తే మీరు నవ్వుతారెందుకండీ?" అంది. పాలు పొంగుతున్నాయని గుర్తుచేసి బయటపడ్డాను.

మా సంవత్సరం జనవరిలో మొదలవదు. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంతో మొదలవుతుంది. అది ఎదురుచూపుల కాలం, నోరు కట్టుకోవాల్సిన కాలం. డిసెంబరు ఒకటో తారీఖు నుంచే ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో సెమీ క్రిస్మస్ అంటూ కేకు కోసి బిర్యానీ పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. అందుకే ఏటా ఇంట్లో ప్రకటన చేస్తాను, 25 దాకా మిఠాయి ముట్టనని. ఆ తర్వాత పిలిచిన ప్రతి సెమీ క్రిస్మస్‌కీ వెళ్తాను. ప్రార్థన చేయడానికి పిలుస్తారు, చేశాక తినకుండా వస్తే ఏం బావుంటుంది?

ఇంట్లో మా ఆవిడ అరిసెలు, జంతికలు, గులాబీ పువ్వులు చేసి డబ్బాలకెత్తి అటక మీద పెడుతుంది. ఆగమన కాలంలో అయ్యగారి ప్రసంగాల సారాంశం ఒకటే: మెలకువగా ఉండండి. నేను ఉంటాను. ఇల్లంతా నిద్రపోయాక కూడా ఉంటాను. 23వ తారీఖున ఆవిడ డబ్బా దించి, మూత తీయకుండానే బరువు చూసి, మళ్లీ బియ్యం నానబోస్తుంది. నన్ను ఒక్క మాట కూడా అనదు. అంటే జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను గానీ, అనదు.

2024 క్రిస్మస్‌కి మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. చలికి వణుకుతున్న పిల్లల్ని అర్ధరాత్రి లేపి, తెల్లవారుజాము ఆరాధనకి బయల్దేరదీశాను. ఆ జనంలో నిలబడి, కరువు రోజుల్లో పోస్నెట్ దొరగారు ఊళ్ల జనానికి పని చూపించి, అన్నం పెట్టి ఈ గుడి కట్టించారనీ, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిందనీ వివరిస్తున్నాను. మా చిన్నది గోపురం వంకా, నా వంకా చూసి, "డాడీ, మరి మనకెప్పుడు పెడతారు?" అంది. వాళ్లమ్మ సంచిలోంచి పులిహోర పొట్లాలు తీసింది. అంటే, మేం లేవకముందే ఆవిడ లేచిందన్నమాట.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు తీస్తాం కదా. ఆమధ్య ఒకసారి నాకు ఓర్పు గురించిన వచనం వచ్చింది. ఇంటికొచ్చాక మా ఆవిడ కార్డుతో మార్చుకున్నాను. ఓర్పు అవసరం ఆవిడకే ఎక్కువ అనిపించింది. అదే రాత్రి ఏడాదిలో బైబిలంతా చదువుతానని తీర్మానం కూడా చేస్తాను. 1,189 అధ్యాయాలు; రోజుకి మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే అయిపోతాయి. జనవరి నెలాఖరుకి లేవీయకాండం గుమ్మం వస్తుంది. ఆ గుమ్మం నేనింకా దాటలేదు.

క్రిస్మస్ నక్షత్రం సంగతి వేరు. అది కట్టడం నా పని, దించడమూ నా పనే. జ్ఞానులు వచ్చేది ఎపిఫనీకి, అంటే జనవరి 6న. అంతకుముందే దించితే వాళ్లకి దారెవరు చూపిస్తారు? పైగా మా తాతలది డోర్నకల్. అజరయ్య బిషప్‌గారు అక్కడ కట్టించిన గుడి పేరే ఎపిఫనీ కెథడ్రల్, 1939లో ప్రతిష్ఠించింది కూడా ఎపిఫనీ రోజునే. అంత వారసత్వం ఉన్నవాణ్ని తొందరపడి నిచ్చెనెక్కలేను. మా నక్షత్రం మట్టలాదివారం దాకా ఇంటి ముందు వేలాడిన ఏళ్లున్నాయి.

ఇక లెంటు, ఈస్టరు ముందు ఉపవాస కాలం. నా భక్తి నిగ్గు తేలేది ఇక్కడే, మా ఆవిడ ఓపిక నిగ్గు తేలేదీ ఇక్కడే. 2024లో భస్మ బుధవారం ఫిబ్రవరి 14న పడింది. నుదుటిన బూడిదతో ఇంటికొచ్చి, మనం మట్టి, తిరిగి మట్టిలోకే పోతాం అని గంభీరంగా చెప్పి, ప్రేమికుల రోజు ఖర్చు తప్పించుకున్నాను. ఆవిడ నా కోసమని తెచ్చిన మాంసాన్ని ఫ్రిజ్‌లో పెట్టేసింది.

మాంసం మానేస్తే నాకేం కష్టం లేదు. పిల్లలకి మానకూడదు కాబట్టి ఇంట్లో రెండు వంటలు. వాళ్లకి కోడికూర, నాకు సొరకాయ. సొరకాయ పప్పు, సొరకాయ పులుసు, సొరకాయ పాలు పోసిన కూర. కోడి వాసన వస్తే నా మనసు చెదురుతుందని, నేను లేనప్పుడు వండమన్నాను. అలా ఆవిడ తెల్లారి ఐదింటికే మసాలా నూరేది. తర్వాత నేనే పుస్తకాలు తిరగేసి ఒక సత్యం కనుక్కున్నాను. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా మొత్తం 46 రోజులు. ఆదివారాలు ఆరు. అవి పునరుత్థాన దినాలు గనక ఉపవాసంలో లెక్కకి రావు, అప్పుడే సరిగ్గా 40 అవుతాయి. సంఘ చరిత్రని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చదవలేదు. అప్పట్నుంచి ఆదివారాలు మటన్.

ఒక లెంటుకి కాఫీ మానేశాను. మూడోరోజు నుంచి పిల్లలు నాతో మాట్లాడాలంటే అమ్మ ద్వారా అర్జీ పెట్టుకునేవాళ్లు. ఇంకో లెంటుకి ఫోను మానేశాను. ఆవిడ పని మానుకుని కూర్చుని నాకొచ్చిన మెసేజీలన్నీ చదివి వినిపించేది, జవాబులు నేను చెబితే టైపు చేసేది. సాయంత్రం ఆరింటి దాకా పచ్చి మంచినీళ్లతో ఉన్న ఏడాది, నాలుగింటి నుంచే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని "ఏం చేస్తున్నావు?" అని అడుగుతూ కూర్చునేవాణ్ని. మధ్యాహ్నం నాకు కనపడకుండా పెరట్లో నిలబడి ఆవిడ గబగబా నాలుగు ముద్దలు మింగేదని చాలాకాలానికి తెలిసింది. నేను బాధపడతానని.

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం. ఓసారి నాకు ఐదో మాట అప్పగించారు, దాహం గురించినది. పదిహేను నిమిషాలన్నారు. ఎండాకాలం, కరెంటు పోయింది, పైగా ఉపవాసంలో ఉన్నాను, ఆత్మ పొంగింది. మూడో వరసలోంచి మా ఆవిడ గడియారం చూపించడాన్ని చేతులెత్తి స్తుతించడం అనుకున్నాను. నేను దిగేటప్పటికి సంఘమంతటికీ దాహం అంటే ఏమిటో అనుభవంలో తెలిసింది. ఆరో మాట, ఏడో మాట చెప్పాల్సినవాళ్లు కలిపి చెప్పేశారు. మర్నాడు సమాధుల తోటలో మా నాయనమ్మ సమాధికి సున్నం వేయడానికి వెళ్తే ఎవరూ నన్ను పలకరించలేదు. సున్నం కూడా మా ఆవిడే వేసింది. నేను ఈస్టరు తెల్లవారుజామున అక్కడ చీకట్లో వెలిగించాల్సిన కొవ్వొత్తుల గురించి ఆలోచిస్తూ ఉన్నాను.

పెంతెకొస్తు దాటాక ఆగమన కాలం దాకా అంతా పచ్చ. దాదాపు ఆరు నెలలు. ఉపవాసం లేదు, మొక్కు లేదు, తీర్మానం లేదు. నాకు చప్పగా ఉంటుంది. మా ఆవిడ ఆ నెలల్లోనే నాలుగు పాదులు పెడుతుంది, కాస్త లావవుతుంది.

మా సంఘంలో కోతల పండగ నవంబరులో. ఎవరి ఇంట కాసింది, పండింది వాళ్లు బల్ల దగ్గర పెడతారు; ఆరాధన అయ్యాక వేలం. కిందటేడు ఒక సొరకాయ వచ్చింది, నిగనిగలాడుతూ, పసిబిడ్డంత. వంద అన్నాను. వెనక నుంచి ఎవరో రెండొందలన్నారు. దేవుని ఇంట్లో ఓడిపోవడం నాకు నచ్చదు. ఐదొందలు, వెయ్యి, పదిహేనొందలు. మా ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి తల అడ్డంగా ఊపుతోంది. పద్దెనిమిది వందలకి వెనక గొంతు ఆగింది. తిరిగి చూస్తే మా బావమరిది, జేబులో రూపాయి లేకుండా పాడుతున్నాడు. "ఏదో నీ ఉత్సాహం చూసి, బావా" అన్నాడు.

సొరకాయ చంకన పెట్టుకుని గేటు దగ్గరికొస్తే మా ఆవిడ మెల్లగా అంది: "అది మన పెరట్లోదేనండీ. పొద్దున నేనే తెచ్చి పెట్టాను. ఇక ఈ ఏటికి సొరకాయ పీడ విరగడైందనుకున్నాను."

భోజనానికి బావమరిదిని పిలిచింది. తమ్ముడికి, పిల్లలకి కోడికూర వడ్డించింది. సొరకాయ కూర గిన్నెతో సహా తెచ్చి నా కంచం పక్కన పెట్టి, "పద్దెనిమిది వందలది. మిగల్చకండి" అంది.