పోటీకి ఐటమ్ ఎంచుకోవడం ఎలా?

సంగారెడ్డిలో కూచిపూడి పోటీ ఉందని వాట్సాప్‌లో రాగానే డ్యాన్స్ టీచరుకు మాత్రం చెప్పకండి. మీ పాప అరమండి చూసి, ఇంకో ఏడాది ఆగమంటారు. ఆగితే ఎలా? బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ పిల్లలు కూడా వస్తారు. ఇస్నాపూర్‌లో మీ ఎదురింటి పాప నిరుడు ఏం చేసి కప్పు తెచ్చిందో కనుక్కోండి. దాని కంటే కష్టమైనదే మీ ఐటమ్.

అన్నిట్లో తరంగం శ్రేష్ఠం. నారాయణ తీర్థుల సాహిత్యం, అభినయం, జతులు అన్నీ ఉంటాయి కానీ మీకు కావలసింది ఇత్తడి పళ్ళెం. ఇచ్చేది ఐదు నిమిషాలే కాబట్టి కృష్ణుణ్ణి పెన్‌డ్రైవ్‌లోనే కత్తిరించేసి, పాట మొదలవగానే పాపను పళ్ళెం ఎక్కించండి. ఫంక్షన్ హాల్ టైల్స్ మీద జారుతుందేమోనని భయపడకండి. జారితే వీడియో నలుగురూ చూస్తారు.

రెండో తరగతి పిల్లకు భామాకలాపం ఇంకా నప్పుతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషానికి జీవితమంతా ధారపోశారు. మీకు వేసవి సెలవులు చాలు. విరహమంటే ఏమిటని పాప అడిగితే, నాన్న పాశమైలారంలో నైట్ షిఫ్టుకు బయల్దేరేటప్పుడు అమ్మ ముఖం చూడమనండి. వర్ణన కుదరకపోతే జడ తిప్పించండి, అద్దెకు తెచ్చిందే కదా.

సింహనందిని జోలికి పోకండి. రంగుపొడి మీద కాళ్ళతో సింహం బొమ్మ గీయాలి. పొడి ఊడ్చేదెవరు?

మగపిల్లాడైతే పేరిణి. నటరాజ రామకృష్ణగారు జాయపసేనాని గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని మళ్ళీ నిలబెట్టిన వీరనృత్యమది. మీకు పనికొచ్చే విషయం మాత్రం వేరే ఉంది: ఆ విభాగంలో పోటీకి వచ్చేవాళ్ళు తక్కువ. ఒక్కడే వస్తే ఫస్ట్ ప్రైజ్ ఎక్కడికీ పోదు.

స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 1973 నుంచి బ్యాలే పోటీ జరుగుతోంది. ఏ ఘట్టాలు ఆడొచ్చో అక్కడ నిర్వాహకులే జాబితా ఇస్తారు, అందులోంచే ఎంచుకోవాలి. పాపం, అక్కడి తల్లిదండ్రులకు చేతినిండా పని ఉండదు.

చివరిగా, ఏది ఆడాలనుందో పాపను అడక్కండి. బాగా వచ్చిందే ఆడతానంటుంది.